దారి తెలిసిన మంచం

“ఒక ఇనప మంచాన్ని మోయాలంటే ఎంతమంది మనుషులు కావాలి? తొందరపడకండి. ఆలోచించి, చెయ్యెత్తి చెప్పండి” అన్నాను మనవలతో.

చిన్నోడు ఆలోచించనూ లేదు, చెయ్యెత్తనూ లేదు. “నలుగురు” అనేశాడు. వాడి అక్కని ఇంట్లో అందరం పెద్దమ్మాయి అంటాం. అది కాసేపు గోడకేసి చూసి, “దాని మీద మనిషి ఉన్నట్టా, లేనట్టా?” అని అడిగింది.

లెక్క చేసేముందు లెక్కలో ఏముందో అడిగే పిల్లలు తక్కువ. జీవితమంతా బడిలో చూశాను కదా. కానీ దానికి జవాబు చెప్పడం నాకిష్టం లేకపోయింది. మంచి ప్రశ్న అని మెచ్చుకుని దాటేశాను.

పొద్దుటినుంచీ మబ్బు పట్టే ఉంది. వాన పడదు, ఎండ కాయదు. వరండాలో తీగ మీద వేసిన బట్టలు ఆరక, బరువుగా వేలాడుతున్నాయి. నేను పీట మీద కూర్చుని, మంచం పక్కన తగిలించే కమ్మీని ఒళ్లో పెట్టుకుని, గరుకు కాగితంతో తుప్పు గీకుతున్నాను. మంచం మాత్రం నా వెనక గదిలోనే ఉంది. కిటికీ తెరిచి ఉంది కనుక వరండాలో ఎక్కడ కూర్చున్నా దాని కాళ్లవైపు ఉండే ఇనప పిడి కనబడుతూనే ఉంటుంది.

మెట్ల మీద దర్జీ కూర్చున్నాడు. పక్కవీధిలోనే అతని కొట్టు, కొట్టు వెనకే ఇల్లు. చిన్నప్పుడు నా దగ్గరే చదువుకున్నాడు. ఇప్పుడు అతని జుట్టే నెరిసింది. మెడలో కొలతల టేపు తీయకుండానే వచ్చేశాడు. “కుట్టాల్సినవేమైనా ఉన్నాయేమో కనుక్కుందామని వచ్చాను టీచరుగారూ” అన్నాడు. మొన్న వచ్చినప్పుడూ అదే మాట. అంతకుముందూ అదే. మా ఇంట్లో చిరిగినవేమీ లేవని నాకెంత తెలుసో అతనికీ అంతే తెలుసు.

అతనెందుకొచ్చాడో ఇక్కడే వివరంగా చెప్పేస్తాను. లేకపోతే తర్వాత సంగతి అర్థం కాదు.

మా ఊళ్లో తోడు సంఘం అని ఒకటుంది. అచ్చుకొట్టు పైన గదిలో ప్రతి ఆదివారం కూడతాం. కింద యంత్రాలు దడదడలాడుతుంటే పైన మెల్లగా మాట్లాడేవాళ్ల మాట ఎవరికీ వినబడదు. అందుకని సంఘంలో అందరికీ గొంతు పెంచి, జరిగినదానికి నాలుగు కలిపి చెప్పడం అలవాటైపోయింది. మంచాన పడ్డవాళ్లున్న ఇళ్లకు సాయం వెళ్లడం మా పని. సంఘానికున్న ఆస్తల్లా ఈ ఒక్క మంచమే. పిడి తిప్పితే తలవైపు పైకి లేస్తుంది. పాతదైపోయిందని ఆస్పత్రివాళ్లు తీసేస్తే తెచ్చి బాగుచేసుకున్నాం. అవసరమున్న ఇంటికి ఇస్తాం. అక్కడ అవసరం తీరాక ఇంకో ఇంటికి వెళుతుంది. అవసరం ఎలా తీరుతుందన్నది మాలో మేం ఎప్పుడూ పైకి అనుకోం.

దానికొక నియమం ఉంది. మంచం కావలసినవాళ్లు వచ్చి అడగకూడదు, ముట్టుకోకూడదు. ఎవరింట్లో ఉందో వాళ్లే, తమ చేతులతో మోసుకెళ్లి తర్వాతి ఇంట్లో దింపాలి. దింపి వెంటనే వచ్చేయకూడదు. కాసేపు కూర్చుని పిడి ఎటు తిప్పాలో, మనిషిని పక్కకు ఎలా ఒత్తిగిలించాలో, వీపు ఒరుసుకుపోకుండా ఏం చేయాలో చెప్పాలి. ఆ ఇంటివాళ్లకు ధైర్యం చెప్పాలి. అప్పుడే మనిషిని పోగొట్టుకున్నవాళ్లు వచ్చి చెప్పే ధైర్యం వేరుగా ఉంటుంది. మొదట్లో ఇలా లేదు, సంఘంవాళ్లే వెళ్లి తెచ్చేసేవారు. ఒక ఇంట్లో ఇల్లాలు మంచం కోడు పట్టుకుని వదలలేదట, వీళ్లు లాగారట. ఆ సంగతి విని నేనే సభలో లేచాను. ఇకమీదట ఎవరూ లాగొద్దు, వాళ్లంతట వాళ్లు తెచ్చేదాకా ఆగుదాం అన్నాను. అందరూ చేతులెత్తారు.

ఇప్పుడా మంచం మా ఇంట్లో ఉంది. పిల్లల తాతయ్య దాని మీదే పోయారు. దర్జీ వాళ్లమ్మకు పడుకుంటే ఊపిరాడదు. తర్వాత వెళ్లాల్సిన ఇల్లు అతనిదే. నియమం ఉంది కనుక అతను మంచం అడగడు, కుట్టుపని అడుగుతాడు. నేనేమో తుప్పు వదలాలి, పిడికి నూనె పెట్టాలి, రంగు వేయాలి అంటూ వస్తున్నాను. ఒళ్లో ఉన్న కమ్మీని ఇంతకుముందే ఒకసారి శుభ్రంగా గీకి ఉన్నాను.

“అమ్మకెలా ఉంది?” అన్నాను, తలెత్తకుండా.

“ఉందండి. కత్తిరింపు బల్ల చెక్క ఊడదీసి కిందే ఏటవాలుగా పెట్టాను. దాని మీద పరుపు వేస్తే తల కాస్త ఎత్తుగా ఉంటోంది. కానీ అమ్మ ఉండుండి కిందికి జారిపోతుంది. మళ్లీ పైకి లాగుతాను.”

“మరి గుడ్డ ఎక్కడ కత్తిరిస్తున్నావు?”

“నేల మీదేనండి.”

అతని పంట్లాం మోకాళ్ల దగ్గర తెల్లగా సుద్ద అంటుకుని ఉంది. నేను మళ్లీ కమ్మీ మీదకు వంగాను.

అప్పుడు చిన్నోడు, “నువ్వెప్పుడైనా మోశావా నానమ్మా ఈ మంచాన్ని?” అని అడిగాడు.

ఊరికే అవును అని ఊరుకుంటే సరిపోయేది. కానీ మెట్ల మీద దర్జీ ఉన్నాడు, వెనక గదిలో మంచం ఉంది, మధ్యలో నేనున్నాను. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉంటే నయమనిపించింది.

“మోశానా అని అడుగుతావేంరా? సంఘం పెట్టిన కొత్తలో ఈ మంచం ఒక మేడ మీద ఉండేది, రెండో అంతస్తులో. అక్కణ్నుంచి దింపాలి. సంఘంలో మగవాళ్లందరికీ ఆ రోజే నడుములు పట్టేశాయి, విచిత్రంగా. సరే, సంఘంలో ఉన్న ఆస్పత్రి నర్సమ్మా నేనూ కొంగులు దోపుకుని ఇద్దరమే దింపాం. ఆ మెట్లు ఎంత ఇరుకంటే, ఒక మనిషి ఎక్కుతుంటే ఇంకో మనిషి దిగడానికి వీల్లేదు.”

“ఇద్దరే దింపారా?” అంది పెద్దమ్మాయి. దానికి నమ్మాలనే ఉంది.

“ఇద్దరమే అంటే ఇద్దరం కూడా కాదులే. మలుపు దగ్గరే నర్సమ్మ చెప్పు తెగి చతికిలబడింది. అక్కణ్నుంచి నేనొక్కదాన్నే. వీధి చివరిదాకా ఒక్కదాన్నే. ఎలా మోశానో తెలుసా? తల మీద పెట్టుకుని.”

“తల మీదే!” అన్నాడు చిన్నోడు.

“తల మీదే. ఒక చేత్తో కొంగు సర్దుకుంటూ, ఇంకో చేత్తో ఎదురొచ్చినవాళ్లకు నమస్కారం పెడుతూ. పెద్దమనుషులు ఎదురొస్తే పలకరించకుండా పోతామా మరి?”

“అయితే మంచాన్ని ఏ చేత్తో పట్టుకున్నావు?” అంది పెద్దమ్మాయి.

“పట్టుకోవడం ఎందుకు? ఏ వస్తువునైనా సరిగ్గా మధ్యలో నిలబెడితే అది ఎటూ ఒరగదు. దాన్ని గురుత్వ కేంద్రం అంటారు. పై తరగతిలో చెబుతారు, అప్పుడు అర్థమవుతుంది.”

పెద్దమ్మాయి దర్జీకేసి చూసింది, పెద్దవాళ్లలో ఇంకొకరి మాట విందామని. అతను మెడలో టేపు సర్దుకుని, “నిజమేనమ్మా. నేను చూశాను. ఆ రోజు మా బడికి సెలవిచ్చేశారు, టీచరుగారు మంచం మోస్తున్నారని” అన్నాడు.

ఎప్పుడూ అంతే అతను. బడిలో కూడా పక్కవాడు పలక పగలగొడితే, అది ముందే చిట్లి ఉందండీ అనేవాడు.

“విన్నారా? సాక్ష్యం కూడా ఉంది” అన్నాను. “ఇక ఆ తర్వాత ఏం జరిగిందో చెబితే మీరు నమ్మరు గాని, చెబుతాను. ఒక ఏడు వాన పట్టుకుందంటే పట్టుకుంది, వదల్లేదు. పల్లంలో ఒక బస్సు కండక్టరు ఉండేవాడు. ఉద్యోగంలోంచి దిగిపోయాక మంచాన పడ్డాడు, ఈ మంచం మీదే. నెలల తరబడి తల ఎత్తింది లేదు. భార్య పిలిస్తే పలకడు, కొడుకు పిలిస్తే పలకడు. బతికి ఉండి ఏం ఉపయోగం అని గోడవైపు తిరిగిపోయాడు. అటువంటి మనిషి ఇంట్లోకి నీళ్లొచ్చేశాయి. కబురు అందింది. నేను వెళ్లాను. మనిషిని దించి మంచం ఎత్తాలా, మంచం దించి మనిషిని ఎత్తాలా అని ఆలోచించే వ్యవధి ఎక్కడిది? ఇద్దర్నీ కలిపే తల మీద పెట్టుకున్నాను.”

“మంచాన్నీ, కండక్టర్నీనా?” అన్నాడు చిన్నోడు.

“పరుపుతో సహా. నీళ్లు మోకాళ్లదాకా వచ్చాయి, నడిచాను. నడుముదాకా వచ్చాయి, నడిచాను. మెడదాకా వచ్చాయి. ఆయన దుప్పటి అంచు కూడా తడవలేదు. ఇంకో అడుగు వేశానో లేదో, కాళ్ల కింద నేల లేదు.”

“అప్పుడు మునిగిపోయావా?”

“మునిగితే ఇప్పుడీ కమ్మీ ఎవరు గీకుతున్నారురా? నేను పక్కకు తప్పుకున్నాను, మంచం నీళ్ల మీద తేలింది. అలా హాయిగా, తామరాకులాగా.”

“ఇనుము తేలదు నానమ్మా. మునుగుతుంది” అంది పెద్దమ్మాయి.

“ఓడ దేంతో చేస్తారు?”

“ఇనుముతో.”

“మునుగుతుందా?”

అది తల గోక్కుంది. నాకు పాపం అనిపించింది గాని, అప్పటికే ఆగలేని చోటుకు వచ్చేశాను. “నేను మంచం ఎక్కి కాళ్లవైపు కూర్చున్నాను. పిడి ఉంది చూశారా, తల లేపే పిడి, అది తిప్పాను. మంచం ముందుకు కదిలింది. ఇటు తిప్పితే ఎడమకి, అటు తిప్పితే కుడికి. వీధిలోకి వచ్చేసరికి ఏముంది? గోడల మీద జనం, డాబాల మీద జనం, కిటికీ చువ్వలు పట్టుకుని జనం. వాళ్లను చూశాడు మా కండక్టరు. చూశాడో లేదో, నెలల తరబడి తల ఎత్తని మనిషి ఒక్క ఉదుటున లేచి కూర్చుని, నోట్లో రెండు వేళ్లు పెట్టుకుని ఈల వేశాడు. ‘ఎక్కండి, ఎక్కండి, లోపలికి జరగండి, మెట్టు మీద నిలబడొద్దు’ అని ఒకటే కేకలు. మంచానికి మెట్టెక్కడిది? అయినా జనం జరిగారు. ఆ గొంతుకు జరగకుండా ఉండలేరు. మంగలి ఎక్కాడు, తన గిరగిర తిరిగే కుర్చీతో సహా. ఫోటోలు తీసేవాడు ఎక్కాడు, వెనకాల వేలాడదీసే పూలతోట తెరతో సహా. పెంకుటిల్లు సగం మునిగినామె ఎక్కింది, తన ఆరుగురు పిల్లలతో, వాళ్ల నానమ్మతో, ఆ నానమ్మ పొయ్యి మీద పెట్టుకున్న పాలగిన్నెతో. పాలు పొంగలేదు. వీధి వీధంతా ఎక్కింది.”

“అంతమందీ ఈ మంచం మీదే?” పెద్దమ్మాయి గొంతులో ఇప్పుడు నమ్మకం లేదు గాని, వినాలని ఉంది.

“సర్దుకుంటే సరిపోతుంది. సర్దుకోవడం మీకు తెలీదు, అందుకే ఇద్దరికీ ఒక దుప్పటి చాలదు. సరే, అందర్నీ మెరకలో ఉన్న బడిలో దింపాం. చివరికి మంచం మీద ఆయనా నేనూ మిగిలాం. ‘పడుకోండి, మిమ్మల్నీ దింపుతాను’ అన్నాను. ఏమన్నాడో తెలుసా? ‘కండక్టరు అందరూ దిగాక దిగుతాడమ్మా, ఎవరూ దింపక్కర్లేదు’ అని, పంచె బిగించి, తన కాళ్ల మీద తను దిగి వెళ్లిపోయాడు.”

“నడిచా?”

“నడవడమేమిటి, పరుగెత్తాడు.”

చిన్నోడు చప్పట్లు కొట్టాడు. పెద్దమ్మాయి కొట్టలేదు. తల తిప్పి కిటికీలోంచి గదిలోకి చూసింది. తాతయ్యకు చివరి రోజుల్లో చెంచాతో నీళ్లు పట్టింది అదే. నేను అటు చూడలేదు. చూడకుండా ఉండాలంటే మాట ఆపకూడదు.

“అదొక్కటే అనుకుంటున్నారా? అక్కణ్నుంచి ఈ మంచానికి ఆ గుణం పట్టుకుంది. దీని మీద పడుకున్నవాడల్లా లేచి కూర్చునేవాడు. పాటలు నేర్పే ఒకాయనకు గొంతు పడిపోతే, రాత్రి పడుకోబెట్టాం, తెల్లారేసరికి పక్కింటివాళ్లు వచ్చి ఇక ఆపించండమ్మా అని మొరపెట్టుకున్నారు. ఒక వంటాయనకు కుడిచెయ్యి లేవకపోతే, మధ్యాహ్నానికల్లా ఆ చేత్తోనే మాకందరికీ వడ్డించాడు. ఒకాయనకైతే పడుకోకుండానే నయమైపోయింది. మంచం వీధి మలుపు తిరగడం చూశాడట, ఈ మాత్రానికి మంచమెందుకులే అని లేచి ఎదురొచ్చి, తనే ఒక కోడు పట్టాడు.”

“మరి ఆస్పత్రి?” అన్నాడు చిన్నోడు. వాడికి ఇప్పుడు ఇంకా ఇంకా కావాలి.

“మంచి ప్రశ్న వేశావు. ఆస్పత్రి ఖాళీ. డాక్టర్లు గేటు దగ్గర నిలబడి దారినపోయేవాళ్లను, ‘ఏమండీ, ఒక్కసారి దగ్గిపోండి, పుణ్యముంటుంది’ అని బతిమాలుకునేవారు. మందుల కొట్టాయన సీసాల్లో పూలమొక్కలు పెంచుకున్నాడు. అంబులెన్సు డ్రైవరు అందులో వంకాయలు పెట్టుకుని, గంట మోగిస్తూ వీధివీధీ తిరిగి అమ్ముకున్నాడు. చివరికి పెద్ద డాక్టరే మా అచ్చుకొట్టు మేడ ఎక్కి వచ్చి, ‘అమ్మా, మా ఆస్పత్రి మొత్తం, గోడలతో, కిటికీలతో మీరు తీసుకోండి, ఆ మంచం మాకిచ్చేయండి’ అన్నాడు. నేను ఇవ్వనన్నాను.”

చివరి మాట నా నోట్లోంచి కాస్త గట్టిగానే వచ్చింది.

మెట్ల మీద దర్జీ ముందుకు వంగి కూర్చున్నాడు. ఇందాకటిదాకా పిల్లలకోసం నవ్వుతూ విన్నాడు. ఇప్పుడు నవ్వడంలేదు. “ఊపిరాడనివాళ్లకి కూడా నయమవుతుందాండీ?” అని అడిగాడు.

అది కథ విని అడిగిన ప్రశ్న కాదు. కథ అని తెలిసీ, ఏమో అని అడిగిన ప్రశ్న. బడిలో ఇన్నేళ్లు ఉన్నదాన్ని, ఆ తేడా నాకు తెలుస్తుంది.

“ఊపిరాడనివాళ్లకి మరీనూ” అన్నాను. “పిడి తిప్పి తల కాస్త పైకి లేపితే చాలు. గుండెల మీది బరువు తీసినట్టుంటుంది. ముఖం తేటపడుతుంది. అప్పుడు నిద్ర పడుతుంది వాళ్లకి.”

ఆ రోజు చెప్పినవాటిలో ఆ ఒక్కటీ కోత కాదు. మా ఇంట్లోనే చూశాను. అందుకని కమ్మీ తిరగేసి, రెండోవైపు గీకుతూ ఇంకా పెద్దది ఎత్తుకున్నాను.

“అసలైంది ఇంకా చెప్పనేలేదు మీకు. రాను రాను మా సంఘంలో అందరం ముసలివాళ్లమైపోయాం. నర్సమ్మకు కళ్లు కనబడవు. కార్యదర్శికి మెట్లు ఎక్కితే ఆయాసం. ఇక మంచం ఎవరు మోస్తారు అని ఆదివారం అందరం దిగులుగా కూర్చున్నాం. కూర్చుంటే, కింద వీధిలో టక్కు టక్కు, టక్కు టక్కు అని చప్పుడు. అచ్చు యంత్రం కాదు, అది ఆ రోజు ఆపేసి ఉంది. కిటికీలోంచి తొంగి చూశాం. ఏముందో చెప్పండి?”

“మంచం” అన్నాడు చిన్నోడు, ఊపిరి బిగబట్టి.

“మంచం. నాలుగు కాళ్ల మీద తనే నడిచిపోతోంది. మలుపు దగ్గర ఆగింది, ఒక లారీ పోయేదాకా. అటూ ఇటూ చూసుకుని దాటింది. ఇన్ని ఇళ్లు తిరిగింది కదా, దారులన్నీ దానికి తెలిసిపోయాయి. అప్పణ్నుంచి మాకు మోసే పని లేదు. ఎవరింటికి వెళ్లాలో చెప్పే పని కూడా లేదు. మేమైతే ఎవరో వచ్చి చెబితే తెలుసుకునేవాళ్లం. దానికి చెప్పక్కర్లేదు. ఊరికి ఆ చివర ఎవరైనా నేల మీద పడుకుని మూలిగితే ఈ చివర దానికి వినబడుతుంది. జలుబు చేసి మూలిగే గొప్పవాళ్లు పిలిచినా ఆగేది కాదు. సరిగ్గా ఎక్కడ ఊపిరి కష్టంగా ఉందో ఆ గుమ్మం ముందు నిలబడి, ముందు కాలితో తలుపు తట్టేది. మెల్లగా, నిద్రపోయేవాళ్లు ఉలిక్కిపడకుండా. తలుపు గడియ పెట్టి ఉంటే కిటికీలోంచి వెళ్లేది. ఇక అవసరం తీరిపోయిన ఇంట్లోనా? ఒక్క పూట ఉండేది కాదు. తెల్లారేసరికి గది ఖాళీ. ఎవరు పట్టుకున్నా ఆగదు. అవతల ఎవరో నేల మీద ఉన్నారని దానికి తెలుసు కదా, ఎలా ఆగుతుంది?”

“మరి ఇప్పుడెందుకు ఆగింది?” అన్నాడు చిన్నోడు.

వాడు నన్ను పట్టుకుందామని అడగలేదు. నా ముఖంలోకి చూస్తున్న ఆ కళ్లలో అల్లరి లేదు. కథంతా నమ్మినవాడే అలా అడుగుతాడు.

“దర్జీ మామయ్య వాళ్లమ్మ కిందే పడుకుంది కదా నానమ్మా. ఊపిరాడక. పక్కవీధే కదా. దానికి వినబడట్లేదా?”

గరుకు కాగితం చప్పుడు ఆగిపోయింది. ఆపింది నేనే అయ్యుంటాను. తీగ మీది బట్టల్లోంచి ఒక చుక్క రాలి గచ్చు మీద పడింది. పెద్దమ్మాయి తమ్ముడి మోచేతిని పట్టుకుని లాగింది. వాడికి తను ఏం తప్పు చేశాడో తెలియక దానికేసీ నాకేసీ చూశాడు.

“తుప్పు పట్టింది కదా బాబూ” అన్నాడు దర్జీ. మెల్లగా, ఎవరికీ దెబ్బ తగలకూడదన్నట్టు అన్నాడు. “కీళ్ల దగ్గర తుప్పు పడితే మనకు మల్లేనే దానికీ కాళ్లు పట్టేస్తాయి. మీ నానమ్మ అదే కదా వదలగొడుతున్నారు. వదిలాక నడుస్తుందిలే. తొందరేం లేదు.”

తొందరేం లేదని చెప్పి లేచాడు. మోకాళ్లు దులుపుకున్నాడు, సుద్ద పోలేదు. “వెళ్లొస్తానండి. ఈపాటికి జారిపోయి ఉంటుంది. పైకి లాగాలి.”

పలక పగిలినప్పుడు చెప్పినట్టే చెప్పాడు. అప్పుడు కాపాడింది పక్కవాణ్ని, ఇప్పుడు నన్ను. వాళ్లమ్మను పక్కన పెట్టి మరీ కాపాడాడు. బడిలో నాకు జవాబు తెలియని ప్రశ్న ఎవరైనా వేస్తే, రేపు చూసి చెబుతాను అనేదాన్ని. చిన్నోడి ప్రశ్నకు రేపటి దాకా గడువు అడిగే ముఖం నాకు లేకపోయింది.

“ఆగు నాయనా” అన్నాను.

అతను కింది మెట్టు మీద ఆగాడు.

“ఇంటికెళ్లి గుమ్మం తలుపు రెండు రెక్కలూ తీసి ఉంచు. లోపల మిషను అడ్డంగా ఉంటుంది కదా, గోడవైపు జరిపెయ్. అమ్మను మేం వచ్చేదాకా నువ్వు పట్టుకుని కూర్చో. దింపాక ఆ చెక్క తీసి నీ బల్లకు బిగించుకో. వీధిలోకి ఎదురు రాకు. వచ్చినా మంచం ముట్టుకోనివ్వను. నియమం తెలుసు కదా.”

“ఇంకా రంగు వేయలేదు కదండీ” అన్నాడు, నాకు ఇంకో దారి చూపిస్తున్నట్టు.

“రంగు వేస్తేనే ఊపిరాడుతుందా? వెళ్లు.”

అతను మెడలో టేపు తీసి అరచేతికి చుట్టుకున్నాడు. విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. తర్వాత గబగబా నడిచాడు. వీధి మలుపు దగ్గరికి వెళ్లేసరికి పరుగులాంటిదే.

“పెద్దమ్మాయీ, మీ నాన్నకు ఫోన్ చెయ్. పని మధ్యలో ఉన్నా సరే వదిలేసి రమ్మన్నానని చెప్పు. ఎందుకని అడిగితే, మంచం వెళుతోందని చెప్పు. మీ అమ్మను కూడా లేపు.”

అది లేచింది గాని వెంటనే కదల్లేదు. “నువ్వు వెళ్లి అక్కడ కూర్చుని అన్నీ చెబుతావా నానమ్మా? తాతయ్యకు చేసినవన్నీ?” అంది.

“చెబుతాను. నీళ్లు చెంచాతో ఎలా పట్టాలో మాత్రం నువ్వు చెప్పు. అది నాకంటే నీకు బాగా తెలుసు.”

తల ఊపి లోపలికి వెళ్లింది. చిన్నోడు ఇంకా నా ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. కథ మధ్యలో తెగిపోయిందని వాడి దిగులు.

“మంచం మళ్లీ నడుస్తుందా నానమ్మా? తుప్పు వదిలాక?”

“నడవదురా” అన్నాను. “అది ఎప్పుడూ నడవలేదు. మోయాలి.”

ఏడుస్తాడేమో అనుకున్నాను. ఏడవలేదు. నా ఒళ్లోంచి కమ్మీని రెండు చేతులతో తీసుకుని, దాని బరువు చూసుకుని, గోడకు ఆనించి నిలబెట్టాడు.

మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాను. గదిలో నాకొక పని మిగిలిపోయి ఉంది. ఇన్నాళ్లూ మంచం కోళ్లు తుడిచాను, కీళ్లలో చిక్కుకున్న దారాలు తీశాను, పిడికి నూనె పెట్టాను. ఆయన పడుకున్న దుప్పటి మాత్రం తీయలేదు. అదలా ఉండగా మంచం వెళ్లదని నాకు తెలుసు. ఆ మూలలు నేను దోపినవే, నర్సమ్మ నేర్పిన ఆస్పత్రి మడత, మనిషి ఎంత కదిలినా ఊడిరాకూడదని పరుపు కిందికి బిగించి దోపుతాం. తలవైపు మూల పట్టుకుని లాగాను. రాలేదు. మంచం అంచుకు మోకాలు ఆనించి, ఇంకాస్త గట్టిగా లాగాను.